శ్వాస కండరాల సాధన – 3వ పాఠం: స్ప్రింగు తలుపు

బీపీ తగ్గించుకోవడానికి ఊపిరి పీల్చే కండరాలతో చేయించే కసరత్తు ఇది. గత పాఠంలో వారం రోజులు పొద్దున, రాత్రి బీపీ చూసుకుని కాగితం మీద రాయమన్నాను. ఆ కాగితం లేనివాళ్లు ఈ పాఠం చదువుకోండి, సాధన మాత్రం వారం ఆగి మొదలుపెట్టండి. మొదట్లో ఎంత ఉందో తెలియకపోతే ఆరు వారాల తర్వాత ఎంత తగ్గిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఇవాళ పీల్చే గాలికి అడ్డుపడి ఆ కండరాలతో పని చేయించే చిన్న పరికరం నోట్లో పెట్టుకుంటాం. ముందు దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. పళ్ల మధ్య పట్టుకునే మెత్తని ముక్క, లోపల చిన్న వాల్వు, దాన్ని మూసి ఉంచే స్ప్రింగు, స్ప్రింగు బిగువు మార్చే మర. అంతే. ఊపిరి వదిలేటప్పుడు గాలి వేరే దారిన సులువుగా పోతుంది. పీల్చేటప్పుడే పని.

స్ప్రింగు తలుపు తెలుసు కదా. చిటికెన వేలితో లాగితే కదలదు. సరిపడా బలం పెడితే తెరుచుకుంటుంది, బలం సడలగానే మళ్లీ మూసుకుంటుంది. ఈ వాల్వూ అంతే. మెల్లగా, మొహమాటంగా పీలిస్తే గాలి రానే రాదు. సన్నని రంధ్రం మాత్రమే ఉన్న పరికరాలూ దొరుకుతాయి. వాటిలో నెమ్మదిగా పీల్చి ఒళ్లు దాచుకోవచ్చు, అందుకే నాకు అవి నచ్చవు.

బిగువు ఎంత పెట్టాలి? పక్కవాళ్ల అంకెతో మనకు పని లేదు. ఊపిరి పూర్తిగా వదిలేసి, మూసిన గొట్టంలోంచి గట్టిగా పీల్చినప్పుడు మీరు పుట్టించగల గరిష్ఠ పీడనమే మీ కొలమానం. దీన్ని సెంటీమీటర్ల నీటి పీడనంలో చెబుతారు. ఊపిరితిత్తుల పరీక్షలు చేసేచోట కొలుస్తారు, కొన్ని ఎలక్ట్రానిక్ పరికరాలు అవే కొలుచుకుంటాయి. మీ గరిష్ఠం 80 అనుకుందాం. మొదటి వారం అందులో 55 శాతం, అంటే 44. రెండో వారం 65 శాతం, అంటే 52. మూడో వారం నుంచి 75 శాతం, అంటే 60. మర 40 దగ్గరే ఆగిపోయే పరికరం కొన్నవాళ్లకు ఇక్కడే చిక్కు: మొదటి వారానికే అది చాలదు, బొమ్మగా మిగులుతుంది. గరిష్ఠం కొలిపించుకునే వీలు లేకపోతే అన్నిటికన్నా తక్కువ బిగువు నుంచి మొదలుపెట్టి రోజుకు కాస్త పెంచండి. వరుసగా ఆరు పీల్పుల్లో ఆరోది కష్టం మీద పూర్తయ్యే చోట ఆగండి.

ఇక పద్ధతి. వెన్ను నిటారుగా పెట్టి కుర్చీలో కూర్చోండి. ముక్కుకు క్లిప్పు పెట్టండి. పెదాలు చుట్టూ బిగించండి. ఊపిరి హాయిగా చివరిదాకా వదలండి, తర్వాత ఒక్క ఊపున పీల్చండి. పొట్ట ముందుకు, కింది పక్కటెముకలు పక్కలకు జరగాలి. పైన బిగబట్టకుండా వెంటనే నెమ్మదిగా వదిలేయండి. ఇలా ఆరుసార్లు, ఒక నిమిషం విశ్రాంతి, మళ్లీ ఆరు. ఐదు విడతలకు 30 పీల్పులు. పది నిమిషాలలోపే అయిపోతుంది. వారానికి ఆరు రోజులు.

నాకు మొదటి మూడు రోజులు బుగ్గలు నొప్పెట్టాయి. పని డయాఫ్రమ్, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే పెద్ద శ్వాస కండరం, చేయాల్సింది పోయి నోరు చేస్తోందన్నమాట. అద్దం ముందు కూర్చుంటే దొంగ దొరికిపోయింది: బుగ్గలు లోపలికి పోతున్నాయి, భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి, మెడ నరాలు తాళ్లలా తేలుతున్నాయి. ఒక అరచెయ్యి బొడ్డు పైన పెట్టుకోండి. పీల్చినప్పుడు ఆ చెయ్యి ముందుకు కదలకపోతే ఆ పీల్పు లెక్కలోకి రాదు.

తల తిరిగినా, వేళ్లు జివ్వుమన్నా మీరు తొందరపడుతున్నారని అర్థం. ఎక్కువ గాలి మార్చడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. ఆగండి, మామూలుగా ఊపిరి తీసుకోండి. ఛాతీలో, చెవిలో నొప్పి వస్తే మాత్రం ఆ రోజుకే కాదు, డాక్టరును కలిసేదాకా బంద్. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన చరిత్ర, చిల్లుపడ్డ కర్ణభేరి, రక్తనాళంలో ఉబ్బు, ఈ మధ్యే జరిగిన ఆపరేషన్, వీటిలో ఏది ఉన్నా డాక్టరు ఒప్పుకోకుండా మొదలుపెట్టొద్దు. బీపీ 180/110 దాటుతున్నవాళ్లదీ అదే దారి. బిళ్లలు ఎవరూ మానొద్దు.

ఇంత శ్రమ దేనికంటారా? 2021లో బౌల్డర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 50 నుంచి 79 ఏళ్ల మధ్యవాళ్లు 36 మందితో ఈ సాధన చేయించారు. కొందరికి 75 శాతం బిగువు, మిగతావాళ్లకు పేరుకు మాత్రం 15 శాతం. ఆరు వారాల్లో గట్టిగా చేసినవాళ్ల బీపీలో పై అంకె సగటున 9 పాయింట్లు తగ్గింది. ఆపేసిన ఆరు వారాలకు కూడా ఆ లాభంలో ముప్పాతిక వంతు నిలిచింది. రక్తనాళాల లోపలి పొర, వాటిని వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును ఎక్కువగా ఇవ్వడం దీనికొక కారణమని వాళ్లు చూపారు. 36 మంది చిన్న గుంపే, ఒప్పుకుంటాను. అయినా 15 శాతంతో చేసినవాళ్లకు ఆ ఫలితం రాలేదన్నది గుర్తుంచుకోండి, మర తిప్పడానికి బద్ధకించినప్పుడు పనికొస్తుంది.

ఈ వారం కాగితం మీద మూడు గడులు గీయండి: బిగువు అంకె, పూర్తయిన పీల్పులు, పొద్దున బీపీ. బీపీ సాధనకు ముందే చూడాలి, చేసిన వెంటనే కాదు. ఏడో రోజు పరికరాన్ని విడదీసి గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టండి. రెండో వారం మర ఎలా తిప్పాలో వచ్చే పాఠంలో చూద్దాం, ఆ కాగితం చూసుకుంటూనే.