చంద్రపూర్, బల్లార్‌పూర్ మిద్దెలపై సోలార్: కరెంటు అంచనా వేయించే ముందు జాగ్రత్తలు

- నీడ అన్నిటికన్నా ముందు. వాటర్ ట్యాంకు, పక్కింటి గోడ అంచనా వేసే కంప్యూటర్ మోడల్‌లో గీయకపోతే లెక్కంతా గాల్లోనే. ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా వరుసలోని మిగతావాటినీ లాగేస్తుంది. వేసవిలో చూసి సరే అనుకోవద్దు, డిసెంబరులో నీడ చాలా పొడుగు.
- దుమ్ము: పీవీవాట్స్ (సోలార్ కరెంటు లెక్కగట్టే ఆన్‌లైన్ టూల్) మామూలుగా మొత్తం నష్టం 14 శాతం పెడుతుంది, అందులో మురికికి 2 శాతమే. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన ఇది ఏ మూలకు?
- వేడి: ప్యానెల్ వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మే నెలలో మన మిద్దెలు అట్ల పెనాలు! డేటాషీట్‌లోని టెంపరేచర్ కోఎఫిషియెంట్ (ఒక్కో డిగ్రీ వేడికి కరెంటు ఎంత తగ్గుతుందో చెప్పే అంకె) లెక్కలోకి ఎక్కించారా?
- వాతావరణ డేటా నాగపూర్‌ది కాదు, మీ ఊరిది వాడమనండి.
- లోను వాయిదాకు పీ50 కాదు, పీ90 అంకె అడగండి. పీ50 అంటే సగానికి సగం ఏళ్లు ఆ అంకె కన్నా తక్కువే రావచ్చు; పీ90 అంటే పదేళ్లలో తొమ్మిదేళ్లు కనీసం అంత కరెంటు వస్తుందని అంచనా.