సీసీ రోడ్డు పనిని గ్రామసభ తరఫున తనిఖీ చేయడం ఎలా?

రోడ్డు వేసిన పది రోజులకు నలుగురు టేపు పట్టుకొచ్చి, అంచు దగ్గర మందం కొలిచి, ‘ఆరంగుళాలు సరిగ్గానే ఉంది’ అనుకుని వెళ్లిపోతారు. చాలా ఊళ్లలో తనిఖీ అంటే ఇంతే. ఆ కొలతతో తేలేది ఏమీ లేదు. అంచున మందం ఎంతంటే పక్కన బిగించిన ఇనుప చానెల్ ఎత్తు ఎంతో అంత. కాంక్రీటు మిగిల్చుకోవాలనుకునేవాళ్లు అంచు జోలికి రారు, రోడ్డు నడుమ మట్టి ఎత్తుగా వదిలేస్తారు. అందుకే తనిఖీ కాంక్రీటు పోయకముందే జరగాలి.

కాగితాలు

పని మంజూరైన రోజే మూడు కాగితాలు అడగండి: ఎస్టిమేట్, అగ్రిమెంటు, ఎంబుక్కు. ఎంబుక్కు అంటే కొలతల పుస్తకం. ముందు పంచాయతీ తరఫున సర్పంచి సంతకంతో ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) లేఖ పెట్టండి, అదే రోజు సమాచార హక్కు దరఖాస్తూ ఇవ్వండి. గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. జవాబుకు 30 రోజుల గడువుంది కాబట్టి ఆలస్యం చేస్తే ఈలోపు బిల్లే అయిపోతుంది. 2005 చట్టం 2(జె) సెక్షన్ ప్రకారం కాగితాల నకళ్లే కాదు, పనిని స్వయంగా పరిశీలించే హక్కు, వాడిన సరుకు నమూనా తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. దరఖాస్తులో ఆ రెండూ రాయండి.

‘మీరెవరు అడగడానికి’ అని ఎవరైనా అంటే వాదన పెట్టుకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 1994 పంచాయతీరాజ్ చట్టం, తెలంగాణలో 2018 చట్టం, రెండింటిలోనూ 6వ సెక్షన్ గ్రామసభ గురించే. ఆ మాట లేఖలోనే రాసి పెట్టండి.

మనుషులు, సామాన్లు

ఐదుగురు చాలు: ఆ వార్డు మెంబరు, కాంక్రీటు పని తెలిసిన మేస్త్రీ, డ్వాక్రా సంఘం నుంచి ఇద్దరు, లెక్క రాసేవారు ఒకరు. ఆ వీధిలో ఉండేవాళ్లు కనీసం ఇద్దరుండాలి. సామాన్లు 30 మీటర్ల స్టీలు టేపు, 5 మీటర్ల చిన్న టేపు, సుద్దముక్క, నోటుబుక్కు. గుడ్డ టేపు వద్దు, అది సాగుతుంది.

పోతకు ముందు మందం కొలవడం

పని మొత్తంలో జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. తొందరపడితే తప్పు చేసినవాణ్ని వదిలేస్తారు, లేదంటే సరిగ్గా చేసినవాణ్ని పట్టుకుంటారు.

చానెళ్లు బిగించి, అడుగు చదును చేసి, నీళ్లు చల్లి దిమ్మిస పూర్తయ్యాక, కాంక్రీటు బండి రాకముందు కొలవాలి. చాలామంది ఒక చానెల్ పైనుంచి అవతలి చానెల్ పైకి దారం లాగి, దారం నుంచి నేలకు కొలుస్తారు. అందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, దారం నడుమ కిందికి జారి, ఉన్న మందం కన్నా తక్కువ చూపిస్తుంది. రెండోది పెద్దది. నీళ్లు పక్కలకు పోవడానికి రోడ్డు నడుమ ఎత్తుగా ఉండాలి. 3 మీటర్ల రోడ్డుకు 2 శాతం వాలు ఇస్తే నడుమ 3 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. పై భాగంలాగే అడుగునూ అదే వాలుతో చదును చేసి ఉంటే, దారం నుంచి కొలిచినప్పుడు నడుమ 12 సెంటీమీటర్లే వస్తుంది. అసలు మందం మాత్రం 15 ఉంటుంది. అక్కడ ‘మూడు సెంటీమీటర్లు మింగేశారు’ అని గొడవకు దిగితే పరువు పోయేది తనిఖీ బృందానిదే, ఆ తర్వాత ఆ బృందం మాట ఎవరూ వినరు.

ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి ఉంది. కాంక్రీటు పోశాక పైన చదును చేసే బద్ద ఉంటుంది కదా, దాన్నే రెండు చానెళ్ల మీద అడ్డంగా పెట్టించండి. బద్ద కింది అంచు నుంచి నేల దాకా కొలవండి. బద్ద నడుమ వంపు ఉంటే ఆ వంపు కొలతలోనే కలిసిపోతుంది, తిన్నటి బద్దయితే ఆ తిన్నటి అంచు నుంచే మందం తెలుస్తుంది. ఎలాగైనా ఎస్టిమేట్‌లో 15 సెంటీమీటర్లుంటే బద్ద కింద 15 రావాలి. తిన్నటి బద్ద పెట్టి, నడుమ నేలను ఎత్తుగా వదిలేస్తే 12, 10 వస్తాయి. అదీ తప్పు పట్టాల్సిన చోటు. ఎస్టిమేట్‌లో అడుగున వేరే పొర రాసి ఉంటే ఆ పొర వేసిన తర్వాత దాని పైనుంచే కొలవాలి.

ప్రతి 10 మీటర్లకు ఒక వరుస, వరుసకు మూడు చోట్ల కొలవండి: నడుమ ఒకటి, అంచుకూ నడుమకూ మధ్య అటొకటి ఇటొకటి. అంచున కొలవొద్దు. 100 మీటర్ల రోడ్డుకు రెండు కొసలతో కలిపి 11 వరుసలు, 33 అంకెలు. టేపు పట్టినవారు పైకి చదవాలి, రాసేవారు తిరిగి పలకాలి. ఒకటి రెండు చోట్ల అర సెంటీమీటరు తేడాకు పని ఆపొద్దు. నడుమ వరుసంతా తక్కువ వస్తే మాత్రం మట్టి గీకించాకే పోత. ఆ మాట కాంట్రాక్టరుతోనూ ఏఈతోనూ అప్పుడే అనండి, రోడ్డు గట్టిపడ్డాక మందం తేలాలంటే క్వాలిటీ కంట్రోల్ వాళ్లు కోర్ (రోడ్డును తొలిచి తీసే గుండ్రటి ముక్క) తీయాల్సిందే.

తగ్గిన కొంచెం ఎంతవుతుందో బృందానికి ముందే లెక్క చెప్పండి. పొడవు 100 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, మందం 0.15 మీటరు, మూడూ గుణిస్తే 45 ఘనపు మీటర్లు. సగటున 3 సెంటీమీటర్లు తగ్గితే 36. మిగిలిన 9 ఘనపు మీటర్లలో, ఎం20 రకం కాంక్రీటుకు ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల లెక్కన, 72 బస్తాల సిమెంటు పోయినట్టే.

కొలత అయ్యాక ఇద్దరు పోత ముగిసేదాకా అక్కడే ఉండాలి. కొలిచినప్పుడు వంపు బద్ద చూపించి, పోతలో తిన్నటిది వాడటం జరుగుతుంది. బద్ద మీద సుద్దతో గుర్తు పెట్టుకోండి. తడి కాంక్రీటులో సన్న ఇనుప చువ్వ దించి చూసే పద్ధతీ ఉంది, కానీ 20 మిల్లీమీటర్ల కంకర తగిలితే ముందే ఆగిపోతుంది, అడుగు మెత్తగా ఉంటే లోపలికి దిగిపోతుంది. దాన్ని రెండో సాక్ష్యంగా వాడండి, అంతకు మించి నమ్మొద్దు.

ఫోన్లో తీసిన జియోట్యాగ్ ఫొటోలు రోడ్డు ఆ చోట ఉందని చెబుతాయి. మందం చెప్పవు.

క్యూరింగ్

మడులు కట్టి 14 రోజులు నీళ్లు నిలపాలి. ఇంటికొకరు వంతు వేసుకుంటే చాలు.

ఎంబుక్కుతో సరిపోల్చడం

ఎంబుక్కులో వరుసగా పొడవు, వెడల్పు, మందం, ఘనపరిమాణం ఉంటాయి. పొడవు కొలిచేటప్పుడు కూడలి చూడండి: రెండు వీధులు కలిసే చదరాన్ని రెండు పనుల్లోనూ రాసేస్తారు, 3 మీటర్ల వీధులైతే 9 చదరపు మీటర్లకు రెండుసార్లు డబ్బు పోతుంది. వెడల్పు కొసల్లోనే కొలవొద్దు. ఇళ్ల మెట్లూ అరుగులూ ముందుకొచ్చిన చోట 3 మీటర్లు 2.60 అవుతుంది, పుస్తకంలో మాత్రం మొదటి నుంచి చివరిదాకా 3.00 అనే ఉంటుంది. అంకె దిద్దిన చోట పాతది కనిపించేలా కొట్టేసి పక్కన సంతకం ఉండాలి. రుద్దేసి రాసి ఉంటే ఆ పేజీ నంబరు రాసుకోండి.

గ్రామసభ ముందు పెట్టడం

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టి ఉపాధి పనులకు తీర్మానాలు చేశారు. పని అడగడానికి అంతమంది వచ్చినట్టే, బిల్లుకు ముందు కొలత వినడానికీ రావాలి. తెలంగాణలో పంచాయతీ చెక్కు మీద సర్పంచితో పాటు ఉపసర్పంచి సంతకం కూడా ఉంటుంది కాబట్టి ఇద్దరినీ సభలో కూర్చోబెట్టండి.

సభలో ‘పని నాసిరకం’ అనొద్దు. ఆ మాటకు ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. ‘40వ మీటరు దగ్గర నడుమ 11.5, ఎంబుక్కులో 15’ అని చదవండి. తీర్మానంలో పని పేరు, కొలిచిన తేదీ, తక్కువ వచ్చిన వరుసలు, ఎంబుక్కు పేజీ నంబరు, డీఈఈ (ఏఈకి పైనుండే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) తిరిగి కొలిచేదాకా బిల్లు ఆపాలన్న మాట ఉండాలి. సంతకాలు, వేలిముద్రలు ఖాళీ వదలకుండా ఆఖరి వాక్యం కిందే మొదలవ్వాలి, పైన ఖాళీ ఉంటే తర్వాత ఇంకో వాక్యం చేరుతుంది. సభ ముగియకముందే ఆ పేజీకి ఫొటో తీసుకోండి, మర్నాడు నకలు ఎంపీడీవో కార్యాలయంలో ఇచ్చి ముద్ర వేయించుకోండి.