వీడియో కుదింపు, 4వ పాఠం: తలంబ్రాల దగ్గర బొమ్మ ఎందుకు పగిలింది?

పోయిన పాఠంలో ఒక్క ఫ్రేమును ఎలా కుదిస్తారో చూశాం. కానీ అదొక్కటే చాలదు. కుదించకముందు 1920×1080 వీడియోలో, రంగు వివరాన్ని తగ్గించి దాచే 4:2:0 పద్ధతిలో, ఒక్కో ఫ్రేము సుమారు 31 లక్షల బైట్లు. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున మూడు గంటల పెళ్లికి దాదాపు 840 జీబీ. పెళ్లివారేమో 32 జీబీ పెన్‌డ్రైవ్ చేతిలో పెడతారు.

మా పర్లాకిమిడి స్టేషన్లో గుణుపురం రైలు కదులుతోందనుకోండి. ప్లాట్‌ఫాం కదలదు. పెట్టె కదులుతుంది గానీ మారదు. అందుకే ఎన్‌కోడర్ (వీడియోను కుదించే ప్రోగ్రాము) బొమ్మను ముక్కలు చేసి, ఒక్కో ముక్క ముందు ఫ్రేములో ఎక్కడుందో వెతుకుతుంది. దొరికితే "14 పిక్సెళ్లు ఎడమ నుంచి తెచ్చుకో" అని రాసి, మిగిలిన కాస్త తేడా కలుపుతుంది. ఆ రాసిన జరుగుడే మోషన్ వెక్టర్. 2003లో వచ్చిన హెచ్.264 అనే కుదింపు పద్ధతిలో ముక్క 16×16, అవసరమైతే 4×4 దాకా చీలుతుంది. జరుగుడును పావు పిక్సెల్ వరకూ కొలుస్తుంది.

ఇక తలంబ్రాలు. ఒక పెళ్లి వీడియోను సెకనుకు 2 మెగాబిట్లకు బిగించి ఇచ్చాను. పెళ్లికూతురి మేనత్త ఫోన్ చేసింది: "ఏటి బాబూ, పిల్ల మొగం గళ్ల తువ్వాలులాగ అయిపోనాదేటి?"

తప్పు నాదే. ప్రతి బియ్యపు గింజా దాని దారిన అది పోతుంది. ముందు ఫ్రేములో జోడీ దొరకదు. పైగా ఫ్లాష్ పడితే వెలుగే మారిపోతుంది. తేడా కొండంత, ఇచ్చిన బిట్లు గుప్పెడు. దాంతో ఎన్‌కోడర్ వివరాలు చెరిపేస్తుంది, గళ్లు బయటపడతాయి. ఇప్పుడు బిట్‌రేటు (సెకనుకు ఇచ్చే బిట్లు) బిగించను, సీఆర్ఎఫ్ పెడతాను; అది నాణ్యతను నిలకడగా ఉంచే అమరిక, అంకె తగ్గితే నాణ్యత పెరుగుతుంది. ఎక్స్264 అనే హెచ్.264 ఎన్‌కోడర్లో అది మామూలుగా 23. పెళ్లికి నేను 20 వాడతాను. ఫైలు పెరుగుతుంది, పెరగనీ.

ఫ్రేములు మూడు రకాలు. ఐ ఫ్రేము ఎవరినీ అడగదు, బరువెక్కువ. పి ఫ్రేము ముందువాటిని చూసుకుంటుంది. బి ఫ్రేము ముందూ వెనకా రెండూ చూడగలదు. అందుకే తెరమీద ఐ-బి-బి-పి అని కనిపించేది ఫైల్లో ఐ-పి-బి-బి అని ఉంటుంది.

ఎక్స్264 మామూలుగా ఐ ఫ్రేముల మధ్య 250 ఫ్రేముల దాకా పోనిస్తుంది, అంటే 10 సెకన్లు. మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా కత్తిరిస్తే క్లిప్పు ఐ ఫ్రేము దగ్గరే మొదలవ్వాలి. వాట్సాప్‌కి మాంగల్యధారణ ఒక్కటే కోసివ్వమంటే, నా క్లిప్పు ఏడు సెకన్ల ముందు, పంతులుగారి తుమ్ముతో మొదలైంది. అప్పట్నుంచి 50 పెడుతున్నాను.

ఇంటిపని: మీ వీడియో ఒకటి అవిడెమక్స్ అనే ఎడిటింగ్ ప్రోగ్రాములో తెరవండి. కుడి బాణం నొక్కుతూ ఫ్రేము రకం చూడండి. పై బాణం తర్వాతి ఐ ఫ్రేముకు దూకిస్తుంది. షాట్ మారినచోట ఐ పడిందా? ఫ్లాష్ దగ్గరో? రెండూ కాగితం మీద రాసిపెట్టుకోండి, 5వ పాఠంలో కావాలి.