బ్యాంకు ఖాతాకు నామినీని నమోదు చేయించుకోవడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో ‘నామినీ’ అంటే వారసుడేనన్న అభిప్రాయం చాలామందికి ఉంది. ఫారం నింపే ముందే దానిని వదులుకోవాలి. లాటిన్‌లో ‘నోమెన్’ అంటే పేరు, దాని నుంచి పుట్టిన ‘నోమినారె’ అంటే పేరు చెప్పడం. ఇంగ్లీషు ‘నామినేట్’ అక్కడి నుంచి వచ్చినదే, మన ‘నామం’ కూడా ఆ ‘నోమెన్’కు దూరపు చుట్టమే. చట్టమూ ఆ అర్థాన్ని దాటదు: బ్యాంకు డిపాజిట్ల విషయంలో నామినీ అంటే ఖాతాదారు మరణించాక సొమ్మును స్వీకరించే వ్యక్తి మాత్రమేనని, హక్కు వారసులదేనని సుప్రీంకోర్టు 2010లో స్పష్టం చేసింది. సొమ్ము ఒకరికే చెందాలనుకుంటే వీలునామా రాయాలి.

శాఖలో నామినేషన్ ఫారం అడిగి తీసుకోండి. 2025 నవంబరు 1 నుంచి నలుగురి వరకు పేర్లు ఇవ్వవచ్చు. డిపాజిట్‌కు వాటాలు రాస్తే మొత్తం 100 శాతం కావాలి, లాకరుకు మాత్రం ఒకరి తరువాత ఒకరు అన్న వరుసే చెల్లుతుంది.

మన సరిహద్దు ఊళ్లలో అసలు చిక్కంతా పేరు రాయడంలోనే ఉంది. మనం ముందు రాసే ఇంటిపేరు ఒడిశా కాగితాల్లో చివరికి వెళ్లవచ్చు. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో ఒకచోట ‘కె, ఎస్, హెచ్’లతో, మరోచోట ‘ఎక్స్’తో రాస్తారు. కాబట్టి నామినీ ఆధార్ కార్డును పక్కన పెట్టుకొని, అందులోని వరుసనూ అక్షరాలనూ అలాగే ఎక్కించండి. వేలిముద్ర వేసేవారికి ఇద్దరు సాక్షులు కావాలి. ఫారం అందినట్లు రసీదు తప్పక తీసుకోండి.