కొత్త ఈగను వర్ణించడం – 5వ పాఠం: ముందు ఆడదో మగదో తేల్చండి

ఈసారి పేరు పెట్టడం గురించి రాద్దామనుకున్నాను. కుదరలేదు. పోయిన పాఠంలో కంది పూత మీద వాలే ఆకు కత్తిరించే ఈగను (తేనెటీగల చుట్టం, ఇంటి ఈగ కాదు) ఒకదాన్ని పట్టి, సూదికి గుచ్చి, ఒక పేజీ వర్ణన రాయమన్నాను కదా. దేవరకొండ వైపు నుంచి ఒకరు, జడ్చర్ల నుంచి ఒకరు ఏకంగా రెండేసి కొత్త జాతులు పంపారు. నాలుగు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఉన్నది ఒక్కటే సంసారం. రెండు ఆడవి, రెండు మగవి.

తప్పు నాదే. ఆడా మగా చూసుకోవాలని వేరే చెప్పక్కర్లేదనుకున్నాను. మీరేమీ చిన్నబోకండి. జీవులకు రెండు మాటల పేర్ల పద్ధతి పెట్టిన లిన్నేయస్ అంతటివాడే 1758లో ఒకే బాతులో (మగదానికి పచ్చ తల ఉంటుందే, ఆ బాతు) మగదానికో పేరు, ఆడదానికో పేరు పెట్టి రెండు జాతులన్నాడు.

ఆడ ఈగ మీసంలో 12 కణుపులు, మగదాని మీసంలో 13. పొట్టకు వీపు వైపు పలకలు మామూలుగా ఆడదానికి 6, మగదానికి 7. కుట్టే ముల్లు ఆడదానికే. ఇంత తేలికైతే మరి లెక్క ఎక్కడ తప్పుతోంది? మీసం మొదటి కణుపు కాడలా పొడుగ్గా ఉంటుంది, అది అందరికీ కనిపిస్తుంది. రెండోది ఆవగింజంత. దాన్ని మింగేస్తారు. ‘11 వచ్చాయి’ అని రాసినాయన సంగతి ఫర్వాలేదు, అది ఆడదే. 12 వచ్చినవాళ్లతోనే తంటా. అది నిజంగా ఆడదా, లెక్కలో ఒక కణుపు పోయిన మగదా? అందుకే నేను 12, 13 అని ఎప్పుడూ లెక్కపెట్టను. మొదటి రెండింటినీ పక్కనబెట్టి, మిగిలిన కొరడాను మాత్రమే లెక్కిస్తాను. 10 అయితే ఆడ, 11 అయితే మగ.

పుప్పొడి కుంచె (పుప్పొడి మోసే వెంట్రుకల కుచ్చు) చూసి తేల్చేద్దామంటారు కొందరు. ఆకు కత్తిరించే ఆడ ఈగకు కుంచె పొట్ట అడుగున ఉంటుంది. చాలా ఇతర ఈగలకు వెనక కాళ్ల మీద. కుంచె ఉంటే ఆడదే, సరే. లేకపోతే మగదని మాత్రం అనుకోకండి. కీలియోక్సిస్ అని ఒకటుంది, బుద్ధి అచ్చం కోయిలది. ఆకు ఈగల గూట్లో దొంగచాటుగా గుడ్డు పెట్టిపోతుంది. పుప్పొడి మోసే పనే లేదు గనుక ఆడదానికీ కుంచె ఉండదు.

ఇక నాకు ఒళ్లు మండే మాట: ‘బంగారు రంగు నూగు’. వచ్చిన వర్ణనల్లో దాదాపు అన్నిటా ఇదే. ఈగ నూగు కొత్త చొక్కా లాంటిది. గూటిలోంచి బయటపడ్డ రోజు నిగనిగలాడుతుంది. ఎండలో నాలుగు వారాలు తిరిగాక వెలిసి తెల్లబడుతుంది. పొట్ట మీది చారలు అరిగి, నడుమ తెగిపోయి పక్కల మాత్రమే మిగులుతాయి. ఈగను చంపే ఇథైల్ ఎసిటేట్ సీసాలో చెమ్మ తగిలితే నూగు ఉండలు కట్టి రంగే మారినట్టుంటుంది. అంటే మీరు రాసింది జాతి సంగతి కాదు, ఆ ఒక్క ఈగ వయసు. ముందు రెక్క అంచు చూడండి, చిరిగి పీలికలైందంటే ముసలిది. దవడ పళ్లూ చూడండి. ఆకులు కోసి కోసి అరిగిపోతాయి. నాలుగు పళ్లున్నది మూడు పళ్లదానిలా కనిపిస్తుంది, మీరేమో కొత్త జాతి అంటారు. పళ్ల లెక్క ఎప్పుడూ కొత్త ఈగ మీదే తీయండి.

రంగు రాయొద్దనడం లేదు, చివర రాయండి. ముందు అరగనివి రాయాలి. పెంకు మీద సన్నని గుంటలుంటాయి, జొన్నరొట్టె మీద వేళ్ల అచ్చుల్లా. ‘గుంటలు దట్టంగా’ అంటే ఎవరి దట్టం? రెండు గుంటల నడుమ జాగా గుంట వెడల్పులో సగమా, సమానమా, రెండింతలా, అది చెప్పండి. ఒంటి పొడవు కూడా నమ్మకండి, ఎండితే పొట్ట ముడుచుకుంటుంది. రెండు రెక్కల మొదళ్ల నడుమ దూరం మిల్లీమీటర్లలో ఇస్తే చాలు.

నమూనా ఈగ సంగతి రెండు ముక్కల్లో. 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ప్రకారం, కొత్త జాతికి ఏది మూల నమూనానో (ఆ పేరుకు ఆధారమైన ఈగ ఏదో) వ్యాసంలో చెప్పి తీరాలి. దాన్ని ఏ సంస్థలో దాచారో కూడా రాయాలి. మన 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి సంగతి నిర్దేశించిన సంస్థకు తెలిపి, నమూనాలు అప్పగించాలి. అమ్రాబాద్ పులుల అడవిలో వల ఊపాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి, తర్వాత నన్ననొద్దు.

అభ్యాసం. ఈసారి వల వద్దు. వెదురు ముక్కలు 20 కోయండి, ఒక్కోటి జానెడు, ఒక కొస కణుపుతో మూసుకుని ఉండాలి, లోపలి బెజ్జం 6 నుంచి 10 మిల్లీమీటర్లు. కట్టగా కట్టి, తూర్పు ఎండ తగిలే చూరు కింద అడ్డంగా వేలాడదీయండి. తీగకు గ్రీజు పూయండి, లేకుంటే చీమలకు విందే. ఏదో ఒక గొట్టం మూతికి ఆకు బిళ్లల బిరడా పడుతుంది. మట్టి బిరడా పడితే అది కందిరీగది కావచ్చు, దాన్ని కదపకండి. ఆకు బిరడా పడ్డ గొట్టాన్ని పల్చటి గుడ్డ కట్టిన సీసాలో పెట్టి రోజూ చూడండి. మామూలుగా మూతి దగ్గరి అరల్లోంచి మగవి ముందు వస్తాయి, లోపలి అరల్లోంచి ఆడవి తర్వాత. ఒకే గొట్టంలోంచి వచ్చినవి గనుక, దొంగ కీలియోక్సిస్ దూరి ఉంటే తప్ప, ఈ మగది ఆ ఆడదానిదేనా అన్న గొడవే ఉండదు. నూగు కొత్తది, పళ్లు కొత్తవి. వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. రెండింటికీ వేర్వేరుగా వర్ణన రాసి పంపండి, కొరడా కణుపుల లెక్క మొదటి వరుసలో ఉండాలి. అవి నా చేతికి వచ్చాకే పేర్ల పాఠం.