అమెరికాలో గబ్బిలాల వేసవి సర్వే కొలువులు: దరఖాస్తు ఎప్పుడు, ఎలా

గబ్బిలాల మీద పని చేయాలనుకునే మన విద్యార్థులు నాకు ఎక్కువగా ఏప్రిల్‌లో ఫోను చేస్తారు. సెమిస్టరు ముగింపుకు వచ్చింది, ఈ వేసవికి ఎక్కడైనా అవకాశం ఉందా అని అడుగుతారు. వాళ్ల ఆసక్తి నిజమైనదని మాటలోనే తెలుస్తుంది. కానీ అప్పటికి మంచి కొలువులన్నీ నిండిపోయి ఉంటాయి.

అంతరించిపోయే ప్రమాదమున్న ఇండియానా గబ్బిలం ఒక అడవిలో ఉందో లేదో తేల్చే వేసవి సర్వేలకు అమెరికా వన్యప్రాణి సంరక్షణ సంస్థ అయిన ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీసు చాలా ప్రాంతాల్లో మే 15 నుంచి ఆగస్టు 15 వరకే సమయం ఇస్తుంది. తల్లి గబ్బిలాలు ఎండిన చెట్ల బెరడు కింద గుంపుగా చేరి, తలా ఒక్క పిల్లను కని పెంచే కాలం అది. ఆ మూడు నెలల పనికి మనుషులను ఎంచుకోవడం మాత్రం అంతకుముందు నవంబరు, డిసెంబరుల్లోనే మొదలై, ఫిబ్రవరి, మార్చి నాటికి చాలావరకు ముగుస్తుంది. అందుకే ఈ వ్యాసంలో ప్రతి దశ దగ్గరా తేదీల గురించి పట్టుబట్టి చెబుతున్నాను.

ఇంతమంది అవసరం ఎందుకు వచ్చిందో తెలిస్తే దరఖాస్తులో ఏం రాయాలో కూడా తెలుస్తుంది. 2006 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీ నగరానికి చేరువలోని ఒక గుహలో తీసిన ఫొటోలో గబ్బిలాల మూతి మీద తెల్లటి బూజు కనిపించింది. తెల్లముక్కు వ్యాధికి అదే మొదటి ఆధారం. చలికాలమంతా నిద్రలో గడపాల్సిన గబ్బిలాన్ని ఆ శిలీంధ్రం మాటిమాటికీ లేపుతుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వు వసంతం రాకముందే కరిగిపోతుంది, బయట తినడానికి పురుగు ఉండదు. పదేళ్లలోపే లిటిల్ బ్రౌన్, నార్తర్న్ లాంగ్-ఇయర్డ్, ట్రైకలర్డ్ జాతులు వ్యాధి సోకిన చోట్ల 90 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. నార్తర్న్ లాంగ్-ఇయర్డ్ గబ్బిలాన్ని రక్షిత జాతుల జాబితాలో 'అంతరించిపోయే ప్రమాదమున్న' స్థాయికి పెంచిన ఉత్తర్వు 2023 మార్చి 31న అమల్లోకి వచ్చింది. దాంతో రోడ్డు వేయడానికో, పైపులైను లాగడానికో చెట్లు కొట్టేముందు గబ్బిలాల సర్వే అవసరమయ్యే సందర్భాలు పెరిగాయి. మిగిలిన కొద్ది గబ్బిలాలు ఏ చెట్టు మీద ఉన్నాయో కనుక్కోవడమే ఈ ఉద్యోగం.

ముందు తేల్చుకోవాల్సింది: మీకు ఏ దారి వర్తిస్తుంది

నేషనల్ పార్క్ సర్వీసు, ఫారెస్ట్ సర్వీసు, ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీసు వంటి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సంస్థల్లో ఈ కొలువులు సాధారణంగా అమెరికా పౌరులకే. అక్కడ పుట్టిన మన పిల్లలు, పౌరసత్వం పొందిన పెద్దలు అర్హులు. గ్రీన్‌కార్డు ఉన్నంత మాత్రాన చాలదు. ప్రకటనలో అర్హతల భాగం మొదటి వాక్యమే ఈ సంగతి చెబుతుంది, దాన్ని దాటేసి రాత్రంతా దరఖాస్తు నింపినవారిని చూశాను.

చదువుకోవడానికి ఎఫ్-1 వీసాపై వచ్చినవారికి మూడు చోట్లు మిగులుతాయి: విశ్వవిద్యాలయాల పరిశోధన బృందాలు, నియమాలు అనుమతించిన చోట రాష్ట్రాల వన్యప్రాణి శాఖలు, పర్యావరణ సర్వేలు చేసే ప్రైవేటు సంస్థలు. వీటి ప్రకటనలు ఎక్కువగా టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం నడిపే సహజ వనరుల ఉద్యోగాల పేజీలో కనిపిస్తాయి. అక్కడ 'గబ్బిలం' అనే మాటకు ఆంగ్ల పదం ఒక్కటే కొట్టి ఊరుకోకండి. 'వైల్డ్‌లైఫ్ టెక్నీషియన్', 'అకౌస్టిక్' (ధ్వని రికార్డింగు), 'మిస్ట్ నెట్' (గబ్బిలాలను పట్టే సన్నని వల) అనే మాటలతో కూడా వెతకండి. గాలిమరల కింద చనిపోయిన గబ్బిలాలను, పక్షులను వెతికి లెక్కించే పనులు వేరే పేర్లతో వస్తాయి. వాటిలో చాలావరకు వేసవి చివరి నుంచి శరదృతువు దాకా సాగుతాయి కాబట్టి వేసవి కొలువు తప్పిపోయినవారికి అది రెండో అవకాశం.

వీసా విషయంలో ఒక లెక్క ముందే వేసుకోవాలి. చదువు సాగుతుండగా, చదువులో భాగంగా చేసే పనికి సీపీటీ అనే అనుమతి కావాలి. అది విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం ఇస్తుంది, పని మొదటి రోజుకు ముందే చేతిలో ఉండాలి. చదువు ముగిశాక అయితే ఓపీటీ అనే పని అనుమతి. దానికి ఐ-765 అనే దరఖాస్తు ఫారం కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి పంపవచ్చు. కార్డు రావడానికి నెలలు పట్టవచ్చు కనుక, మే 15న అడవిలో ఉండాల్సిన మనిషి ఫిబ్రవరిలోనే దీన్ని కదిలించాలి. ఇంకొకటి: ఓపీటీ మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. వేసవి సర్వే ఆగస్టులో ముగిసిన మర్నాటి నుంచి ఆ లెక్క ఆగిన చోటి నుంచే మళ్లీ సాగుతుంది. అందువల్ల వేసవి కొలువు ఖాయమైన రోజునే ఆగస్టు తర్వాత ఏమిటన్న వెతుకులాట మొదలుపెట్టాలి. జీతం లేని స్వచ్ఛంద పని అయితే వీసాతో పనిలేదని తమంతట తామే నిర్ణయించుకోవడం ప్రమాదం. ఆ ప్రశ్న కూడా అదే కార్యాలయంలో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

ఫెడరల్ దరఖాస్తు

ఫెడరల్ ఉద్యోగాల ప్రకటనలు వచ్చే యూఎస్ఏ జాబ్స్ వెబ్‌సైటులో ఖాతా తెరవాలంటే ముందు లాగిన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ సైటులో నమోదు చేసుకోవాలి. తర్వాత 0404 అనే శ్రేణి సంఖ్యతో వెతకండి. బయలాజికల్ సైన్స్ టెక్నీషియన్ ఉద్యోగాలన్నీ ఆ సంఖ్య కింద ఉంటాయి. గబ్బిలాల పేరు శీర్షికలో ఉండకపోవచ్చు, విధుల వివరణ లోపలికి వెళ్లి చదవాలి. ఆ వెతుకులాటను భద్రపరచి, కొత్త ప్రకటన వచ్చినప్పుడల్లా ఈ-మెయిలు వచ్చేలా అమర్చుకోండి. అక్టోబరులోనే ఈ పని చేసి పెట్టుకుంటే మంచిది. కొన్ని ప్రకటనలు నిర్ణీత సంఖ్యలో దరఖాస్తులు అందగానే గడువుకు ముందే మూసుకుపోతాయి. గడువు రాత్రి 11:59 అని ఉంటే అది తూర్పు తీరపు సమయం. కాలిఫోర్నియాలో ఉన్నవారికి ఆ గడియారం 8:59కే ఆగిపోతుంది.

జీఎస్-5 (ఫెడరల్ జీతాల శ్రేణిలో ఐదో మెట్టు) స్థాయికి చదువు ఆధారంగా అర్హత కోరేవారు జీవశాస్త్రంలో నాలుగేళ్ల డిగ్రీ గాని, విజ్ఞాన శాస్త్ర విషయాల్లో 24 సెమిస్టరు గంటలు (క్రెడిట్లు) పూర్తిచేసిన నాలుగేళ్ల డిగ్రీ గాని చూపాలి. ఆ 24లో కనీసం 6 గంటలు ఈ పనికి నేరుగా సంబంధించినవై ఉండాలి. చదువుకు బదులు, జీఎస్-4 స్థాయికి సమానమైన ప్రత్యేక అనుభవం ఒక ఏడాది ఉన్నా సరిపోతుంది. డిగ్రీ మన దేశంలో చదివినవారు దాన్ని గుర్తింపు పొందిన మూల్యాంకన సంస్థతో పరిశీలన చేయించి, ఆ నివేదిక జతచేయాలి. దానికీ వారాలు పడతాయి. మార్కుల జాబితా జతచేయకపోతే, మీరు ఎంత చదివినా చదవనట్టే లెక్కిస్తారు. చాలా దరఖాస్తులు పక్కకు పోయేది ఇక్కడే. 1959 డిసెంబరు 31 తర్వాత పుట్టిన పురుషులు సెలెక్టివ్ సర్వీసులో (అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి పేర్లు నమోదు చేసే వ్యవస్థ) నమోదై ఉండాలన్న నిబంధన కూడా ఉంది.

నేషనల్ పార్క్ సర్వీసులో ఈ తాత్కాలిక నియామకాలు ఏడాదిలో 1,039 పని గంటలకు మించవు. అంటే ఆరు నెలల లోపే. 2025 జనవరి 20న ఫెడరల్ నియామకాలపై నిలుపుదల ఉత్తర్వు వచ్చిన తర్వాత ప్రకటనలు వెలువడే తీరు మునుపటిలా లేదు. పౌరులైనవారు కూడా విశ్వవిద్యాలయాల, ప్రైవేటు సంస్థల దారిని పక్కన పెట్టకుండా రెండు వైపులా దరఖాస్తు చేయాలి.

రెజ్యూమెలో ఏముండాలి

ఫెడరల్ దరఖాస్తుకు రెజ్యూమె ఇప్పుడు రెండు పేజీలు దాటకూడదు. ఆ రెండు పేజీల్లోనే ప్రతి పనికీ మొదలైన నెల, ముగిసిన నెల, వారానికి ఎన్ని గంటలు చేశారో ఉండాలి. గంటలు రాయకపోతే ఆ అనుభవాన్ని లెక్కకట్టలేరు. అర్హత ప్రశ్నావళిలో మీకు మీరు ఇచ్చుకున్న జవాబుకు రెజ్యూమెలో రుజువు కనబడాలి.

'గబ్బిలాల సర్వేలో పాల్గొన్నాను' అనే వాక్యం ఎవరికీ ఏమీ చెప్పదు. ఎన్ని రాత్రులు, ఎన్ని వలలు, ఏ జాతులు, వాటిలో ఎన్నింటిని మీ చేతులతో వల నుంచి విడదీశారు, ముంజేతి పొడవు కొలిచారా, రెక్క వేలి కీళ్లను వెలుతురుకు పట్టి అది పిల్లో పెద్దో తేల్చారా, రేడియో ట్రాన్స్‌మిటర్ అమర్చిన గబ్బిలాన్ని మర్నాడు చెట్టు దాకా వెంబడించారా, ధ్వని రికార్డర్లు పెట్టి ఆ ఫైళ్లను ఏ సాఫ్ట్‌వేర్‌తో విశ్లేషించారు, ఇవి రాయాలి. ఒక్క గబ్బిలాన్ని కూడా పట్టుకోని వారు నిరాశ పడనక్కర్లేదు. పక్షులకు వలలు కట్టినవారు, రాత్రిపూట కప్పల లెక్క తీసినవారు, దిక్సూచి, జీపీఎస్‌లతో అడవిలో దారి కనుక్కోగలవారు, కచ్చారోడ్డు మీద ఫోర్‌వీల్ డ్రైవ్ బండి నడపగలవారు బృందానికి కావాలి. మన ఊళ్లలో మర్రిచెట్ల మీద వేలాడే పండు గబ్బిలాల స్థావరాన్ని వారం వారం లెక్కించిన అనుభవం ఉంటే, అంకెలతో రాయండి. తెలియనిది తెలుసునని మాత్రం రాయకండి. ఇండియానా గబ్బిలం బరువు ఏడెనిమిది గ్రాములు. రాని చేయి వల దారంలోంచి లాగితే రెక్క ఎముక విరుగుతుంది.

రేబిస్ టీకా: మొదటి రోజే మొదలుపెట్టాల్సిన పని

ప్రకటనల్లో చిన్న అక్షరాల్లో కనిపించే ఈ షరతే నా మొదటి వేసవిని పోగొట్టింది. ఎంపికయ్యాక వేయించుకుందామనుకున్నాను. టీకాల మధ్య రోజులు, ఆ తర్వాత రక్తపరీక్ష, దాని ఫలితం వచ్చేసరికి బృందం నేను లేకుండానే వెళ్లిపోయింది. వాళ్లు చేసింది సరైన పనే.

అమెరికాలో రేబిస్‌తో చనిపోయే కొద్దిమందిలో ఎక్కువమందికి అది గబ్బిలం నుంచే సోకుతుంది. గబ్బిలాల్లో ఈ వైరస్ ఉన్నవి చాలా తక్కువ. అయినా వాటి పళ్లు సూదిమొనల్లాంటివి, కాటు పడిన సంగతి కొన్నిసార్లు తెలియదు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2022 నాటి మార్గదర్శకం ప్రకారం ముందస్తు టీకా రెండు మోతాదులు: మొదటి రోజు ఒకటి, ఏడు రోజులకు మరొకటి. తరచూ గబ్బిలాలను పట్టుకునేవారు రెండేళ్లకోసారి రక్తంలో ప్రతిరక్షకాల స్థాయి చూపించుకోవాలి. మిల్లీలీటరుకు 0.5 యూనిట్ల కంటే తగ్గితే అదనపు మోతాదు తీసుకోవాలి. టీకా వేయించుకున్నా సరే, కాటు పడితే మళ్లీ రెండు మోతాదులు తప్పవు. టీకా లేనివారికైతే నాలుగు మోతాదులతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల మందు) కూడా ఇవ్వాలి.

అమెరికాలో ఈ టీకా ఖరీదైనది. కొన్ని సంస్థలు ఖర్చు భరిస్తాయి, కొన్ని భరించవు, ఆ విషయం ఇంటర్వ్యూలోనే అడగండి. భారతదేశం నుంచి బయలుదేరబోతున్నవారు వైద్యుడితో మాట్లాడి ఇక్కడే వేయించుకుంటే చాలా తక్కువలో అవుతుంది. చిన్నప్పుడు కుక్క కరిచి టీకాలు వేయించుకున్నవారు మనలో ఎందరో ఉన్నారు. ఆ చీటీ ఇంట్లో ఉంటే వెతికి తీయించండి. టీకా పేరు, తేదీలు, బ్యాచి సంఖ్య ఉన్న కాగితం అక్కడి వైద్యుడికి ఉపయోగపడుతుంది.

ఇంటర్వ్యూ, ఆ తర్వాత

ఇంటర్వ్యూ సాధారణంగా ఫోనులో, అరగంట లోపే ఉంటుంది. రాత్రి పనిని, నిద్రలేమిని, తోటివారితో ఒకే గదిలో వారాల తరబడి ఉండటాన్ని ఎలా తట్టుకుంటారని తప్పక అడుగుతారు. సర్వే నియమాలు చదివి వెళ్లినవారు వెంటనే తెలిసిపోతారు. సూర్యాస్తమయం నుంచి కనీసం ఐదు గంటలు వలలు తెరిచి ఉంచాలి. ప్రతి 10 నిమిషాలకోసారి ప్రతి వలనూ చూడాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి పడిపోతే, వాన ఆగకుండా కురిస్తే ఆ రాత్రి లెక్కకు రాదు. మీరు అడగాల్సినవి కూడా ఉన్నాయి: వసతి ఎవరిది, బండి ఎవరిది, వాన పడి పని ఆగిన రాత్రులకు జీతం ఉంటుందా, ఒంటరిగా పంపుతారా. చివరి ప్రశ్నకు తడబడే సంస్థకు నేనైతే వెళ్లను.

ఎంపికైనట్టు మొదటి కబురు రాగానే చేస్తున్న పని మానేయకండి. ఫెడరల్ కొలువుకు వేలిముద్రలు, పూర్వాపరాల విచారణ పూర్తయ్యాకే తుది నియామకపత్రం వస్తుంది.

సామాను సర్దుకునేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. బొర్రా గుహల్లో తిరిగిన బూట్లనో, మరో రాష్ట్రంలో వాడిన సంచినో తీసుకుపోకండి. తెల్లముక్కు శిలీంధ్రపు బీజాలు బట్టలకూ తాళ్లకూ అంటుకుని ప్రయాణిస్తాయి. బృందం వాడే సామానును 55 డిగ్రీలకు తగ్గని వేడినీటిలో ముంచడం వంటి శుద్ధి పద్ధతులు పని మొదటి రోజునే నేర్పుతారు. ఒక గబ్బిలాన్ని ఉంచిన గుడ్డసంచిలో మరో గబ్బిలాన్ని వేయరు.

రక్షిత జాతుల జాబితాలో ఉన్న గబ్బిలాలను పట్టుకోవడానికి ఫెడరల్ అనుమతి, దానితో పాటు రాష్ట్ర అనుమతి కావాలి. కొత్తవారు అనుమతి ఉన్న జీవశాస్త్రవేత్త పర్యవేక్షణలో పని చేస్తారు. కొన్నేళ్ల తర్వాత సొంత అనుమతికి దరఖాస్తు పెట్టినప్పుడు, ఏ జాతివి ఎన్నింటిని మీ చేతులతో పట్టుకున్నారో రుజువు చూపమంటారు. అందుకే మొదటి రాత్రి నుంచే ఒక చిన్న నోటుపుస్తకంలో తేదీ, చోటు, జాతి, సంఖ్య, మీరు స్వయంగా చేసిన పని, పక్కన ఉన్న పర్యవేక్షకుడి పేరు రాసుకోండి. ఆగస్టులో బృందం విడిపోయే ముందే ఆ పేజీల కింద ఆయనతోనో ఆమెతోనో సంతకం పెట్టించుకోండి. మరుసటి వేసవికి వాళ్లు ఏ రాష్ట్రంలో ఉంటారో తెలియదు.