తుపానులో దెబ్బతిని బాగుచేసిన బోటు కొనవచ్చా? కొనేముందు ఏం చూడాలి?

తుపాను వచ్చి వెళ్ళిన కొన్ని నెలలకు మన తీరంలో సెకండ్ హ్యాండ్ బోట్ల బేరాలు జోరుగా సాగుతాయి. దెబ్బతిన్న బోటును ఎవరో తక్కువకు కొని, ఫైబర్ పని చేయించి, రంగు వేయించి అమ్మకానికి పెడతారు. కొత్త బోటుకు డబ్బు సరిపోని వాళ్ళకు ఆ ధర ఊరట. అలాంటి బోటు అసలు ముట్టుకోవద్దని నేను చెప్పను. మా బాబాయ్ అలాంటివి రెండు కొన్నాడు. మొదటిది ఆయన్ను నష్టాల్లో ముంచింది, రెండోది ఇప్పటికీ వేటకు వెళ్తోంది. రెండు బేరాల్లోనూ నేను పక్కనే ఉన్నాను. అప్పుడు నేర్చుకున్నవి, ఆ తర్వాత ఫైబర్ మేస్త్రీల దగ్గర కూర్చుని తెలుసుకున్నవి వరుసగా రాస్తున్నాను.

1. ధర కంటే ముందు దెబ్బ సంగతి అడగండి

"ఎంతకిస్తారు?" అన్నది రెండో ప్రశ్న. "ఈ బోటుకు ఏమైంది?" అన్నది మొదటిది. బోటు ఎలా చెడిందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పటిలా, హార్బర్‌లో కట్టి ఉన్న బోట్లు గాలికి ఒకదానికొకటి కొట్టుకుంటే దెబ్బలు ఎక్కువగా పక్కల మీద, పై అంచు మీద పడతాయి. ఇవి కంటికి కనిపించే దెబ్బలు. పనితెలిసిన మేస్త్రీ చేతిలో పడితే బాగా కుదురుతాయి. నన్నడిగితే, బాగుచేసిన బోట్లలో కొనదగ్గవి ఎక్కువగా ఈ రకంవే.

ఒడ్డుకు ఎక్కిపోయిన బోటు సంగతి వేరు. దాని బరువంతా అడుగు మీద పడుతుంది. రాయి తగిలితే అడుగు దూలం దగ్గర చీలిక వస్తుంది, ఇంజన్ నుంచి నీటిలో తిరిగే ఫ్యాన్‌కు వెళ్ళే షాఫ్ట్ వంగుతుంది, చుక్కాని బిగింపు కదులుతుంది. పక్కలు కొత్తగా మెరుస్తున్నా అడుగు చూడకుండా మాట ఇవ్వకండి.

మునిగి తేలిన బోటుకు ఫైబర్ బాగానే ఉండొచ్చు. ఇంజన్, వైరింగ్ మాత్రం లేనట్టే అనుకుని బేరం మొదలుపెట్టండి.

ఇక నిప్పు. 2023 నవంబర్ 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చెలరేగిన మంటల్లో దాదాపు 40 బోట్లు దెబ్బతిన్నాయి. అలాంటి చోట పూర్తిగా కాలిన బోటును ఎవరూ కొనరు. ప్రమాదం పక్కన ఉండి వేడికి గురైన బోటుతోనే. ఫైబర్ బోటులో గాజు పీచును పట్టి ఉంచేది రెసిన్. అది కాలిపోవాల్సిన పని లేదు, బాగా వేడెక్కినా చాలు, బలం తగ్గిపోతుంది. పైన కొత్త పొర వేసినా లోపలి పొరల్లో పట్టు ఉండదు. వేడి తగిలిన ఫైబర్ బోటును ఎంత తక్కువకిచ్చినా వద్దనండి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

2. రంగు వేయకముందే వెళ్ళండి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. బోట్లను ఒడ్డుకు లాగి మరమ్మతు చేసుకునేది అప్పుడే. కొనాలనుకునేవాళ్ళకు ఇంతకంటే మంచి సమయం లేదు, ఎందుకంటే బోటు అడుగు బయటికి కనిపిస్తుంది. అయితే నిషేధం మొదట్లోనే వెళ్ళాలి. మే నెలాఖరుకు రంగులు పడిపోతాయి. జూన్‌లో అందరికీ వేటకు వెళ్ళాలన్న తొందర, అప్పుడు ధర కూడా పెరుగుతుంది.

మా బాబాయ్ మొదటి బోటును జూన్ రెండో వారంలో కొన్నాడు. నీలం, తెలుపు రంగులు అద్దంలా ఉన్నాయి. "ఒక్క దెబ్బ కూడా లేదు బాబాయ్, కళ్ళు మూసుకుని తీసుకో" అన్నాడు అమ్మినాయన. మూడో నెలలో లోపల నీరు ఊరడం మొదలైంది. ఒడ్డుకు లాగి గ్రైండర్ పెడితే రంగు కింద రెండు వేళ్ళ మందం పుట్టీ. దాని వెనుక అడ్డంగా చీలిక. వేట బాగా పడే రోజులన్నీ యార్డులోనే గడిచిపోయాయి. ఆ ఏడాది ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డారో నాకు బాగా గుర్తు.

అప్పటికే రంగు వేసి ఉంటే మరమ్మతు జరుగుతున్నప్పటి ఫోటోలు అడగండి. ఇప్పుడు ప్రతి మేస్త్రీ చేతిలో ఫోన్ ఉంది. ఫోటోలు లేవంటే, అనుమానం ఉన్నచోట రెండు అంగుళాల మేర రంగు గీకనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే అక్కడితో ఆపేయండి.

3. బాడీని కళ్ళతో, చెవులతో, ముక్కుతో చూడండి

పొద్దున్నే ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు వెళ్ళండి. బోటు ముందు భాగం దగ్గర నిలబడి, చెంప ఆనించినంత దగ్గరగా పక్క పొడవునా చూపు సాగించండి. అతికినచోట చిన్న గుంతో ఉబ్బో ఉంటే ఆ వెలుగులో బయటపడుతుంది. మధ్యాహ్నం నడినెత్తి ఎండలో అది కనిపించదు.

తర్వాత ఒక రూపాయి బిళ్ళ గానీ, స్క్రూడ్రైవర్ పిడి గానీ తీసుకుని జానెడుకోసారి తడుతూ బోటంతా తిరగండి. గట్టి ఫైబర్ 'టంగ్' మని పలుకుతుంది. పొరలు విడిపోయినా, లోపల పుట్టీ నింపినా 'డబ్' మని మొద్దుగా వినిపిస్తుంది. శబ్దం మారినచోటల్లా సుద్దతో గీత గీయండి. లోపల ఫ్రేము గానీ, బల్ల అతుకు గానీ ఉన్నచోట శబ్దం మామూలుగానే మారుతుంది, కాబట్టి గీత గీసిన ప్రతిచోటునూ లోపలివైపు నుంచి కూడా చూడండి. అసలు కథ లోపలే ఉంటుంది, అక్కడ రంగు వేసే ఓపిక ఎవరికీ ఉండదు. బయట చిన్న గీతలా కనిపించే దెబ్బకు లోపల పొరలు జానెడు మేర తెల్లబడి ఉండొచ్చు. బల్లలు, ఫ్రేములు బాడీకి అతికే మూలల్లో వెంట్రుకంత చీలికల కోసం వెతకండి. పెద్ద దెబ్బ తగిలినప్పుడు ముందు విడిపోయేవి ఆ మూలలే.

అతుకు ఎలా వేశారన్నది చాలా ముఖ్యం. చిల్లు మీద మ్యాట్ (గాజు పీచు పరుపు) ముక్క అంటించి పైన రంగు కొడితే అది మరమ్మతు కాదు. చిల్లు చుట్టూ పాత ఫైబర్‌ను ఏటవాలుగా గ్రైండ్ చేసి, చిన్న ముక్క నుంచి పెద్ద ముక్క వరకు పొర మీద పొర వేయాలి. మందం ఎంతో దానికి దాదాపు 12 రెట్ల వెడల్పు ఏటవాలు ఉండాలన్నది బోటు పనిలో పాటించే లెక్క. అంటే 8 మిల్లీమీటర్ల మందం ఉన్న బాడీకి చిల్లు చుట్టూ దగ్గర దగ్గర 10 సెంటీమీటర్లు. "ఎంత దూరం గ్రైండ్ చేశావు తమ్ముడూ?" అని మేస్త్రీని ఒక్క మాట అడగండి. పని చేసినవాడు తడుముకోకుండా చెప్తాడు, చేత్తో చూపిస్తాడు కూడా.

వాసన సంగతి. మరమ్మతు చేసి నెలలు గడిచినా మూసిన అరల్లో రెసిన్ ఘాటు గుప్పుమంటే, అది సరిగ్గా గట్టిపడలేదని అనుమానించాలి. రెసిన్ గట్టిపడటానికి కలిపే హార్డెనర్ తక్కువ పడ్డా, వానలో తేమ మీద పని చేసినా ఇలా జరుగుతుంది. అడుగున బొబ్బలు ఉండి, గుచ్చితే వెనిగర్ వాసన ఉన్న నీరు వస్తే, ఫైబర్‌లోకి చాలాకాలంగా నీరు దిగుతోందన్నమాట. గుచ్చేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోండి, ఆ నీరు చిమ్ముతుంది.

అవుట్‌బోర్డ్ ఇంజన్ (బోటు వెనుక బయట తగిలించేది) పెట్టే వెనుక పలకలో చాలా బోట్లకు లోపల ప్లైవుడ్ ఉంటుంది. ఇంజన్‌ను పట్టుకుని కిందకీ పైకీ ఊపండి. పలక కదిలినా, బోల్టుల దగ్గర గోధుమరంగు నీరు కారిన చారలున్నా లోపల చెక్క కుళ్ళింది.

విశాఖ, కాకినాడ వైపు పెద్ద మెకనైజ్డ్ బోట్లు కొనేవాళ్ళకు ఇంకో జాగ్రత్త. చెక్క బాడీ మీద ఫైబర్ తొడుగు వేసిన బోట్లు చాలా ఉన్నాయి. చెక్క బాగా ఆరకముందే తొడుగు వేస్తే లోపల తేమ చిక్కుకుపోయి చెక్క పుచ్చుతుంది, బయటికి మాత్రం బోటు కొత్తదానిలా ఉంటుంది. లోపలికి దిగి, ఫ్రేముల మొదళ్ళలో చిన్న కత్తి మొనతో గుచ్చి చూడండి. ఇనప మేకుల చుట్టూ నల్లటి మరకలు, మెత్తగా దిగే మొన కనిపిస్తే ఆ బోటు మీకు వద్దు.

4. ఇంజన్

చెప్పకుండా పొద్దున్నే వెళ్ళి ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు వస్తారని ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్ట్ అవుతుందో చూడాలి. ఆయిల్ పుల్ల తీసి చూడండి. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీరు చేరింది. ఎంతసేపటికీ నీలం పొగ ఆగకపోతే ఇంజన్ ఆయిల్‌ను తాగుతోంది.

ఉప్పునీటిలో మునిగిన ఇంజన్‌ను బయటికి తీసిన రోజే మంచినీటితో కడిగి, ఆయిల్ మార్చి, తిప్పి ఉంటే బతకవచ్చు. వారం రోజులు అలాగే వదిలేసి ఉంటే పాత ఇనుము ధర మించి ఇవ్వకండి, ఎందుకంటే తుప్పు బేరింగుల్లో ఉంటుంది, అది వెంటనే బయటపడదు. వైరు ఒకటి అంగుళం మేర ఒలిచి చూడండి. రాగి పచ్చగానో నల్లగానో మారితే వైరింగ్ మొత్తం కొత్తది వేయాలి.

ఫ్యాన్‌ను చేత్తో ఒక చుట్టు తిప్పండి. ఒకేచోట బిగుసుకుంటే షాఫ్ట్ వంగి ఉండొచ్చు.

5. కాగితాలు

బోటు పక్కన ఐఎన్‌డి-ఏపీ అని మొదలయ్యే నంబరు ఉంటుంది. అందులో ఎంఎం అంటే మెకనైజ్డ్ (లోపలే ఇంజన్ బిగించిన పెద్ద బోటు), ఎంఓ అంటే మోటారు తగిలించిన చిన్న బోటు. ఆ నంబరు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, ఇంజన్ నంబరు ఒకదానితో ఒకటి సరిపోవాలి. కాగితాల నకళ్ళు తీసుకుని మత్స్యశాఖ ఆఫీసుకు మీరే వెళ్ళండి. అక్కడ ఈ నాలుగు అడగండి: ఈ బోటు ఎవరి పేరున ఉంది? తుపానులోనో అగ్నిప్రమాదంలోనో పూర్తిగా పోయినట్టు రాసి పరిహారం ఇచ్చారా? సబ్సిడీ మీద ఇచ్చిన బోటైతే అమ్మడానికి షరతులున్నాయా? వేట లైసెన్సు నా పేరుకు మారుతుందా? పక్క రాష్ట్రం నుంచి వచ్చిన బోటైతే ఈ చివరి ప్రశ్నకు జవాబు వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి.

బ్యాంకు అప్పు తీరినట్టు కాగితం కావాలి. పాత యజమాని ఇన్సూరెన్స్ క్లెయిమ్ తీసుకుని ఉంటే, శిథిలమైన బోటు మీద హక్కు ఆయనకే మిగిలిందా, కంపెనీకి వెళ్ళిందా అన్నది రాతపూర్వకంగా ఉండాలి. అది లేకపోతే రేపు మీ బోటు మీకే దక్కకపోవచ్చు. మీరు ఇన్సూరెన్స్ చేయించుకునేటప్పుడు కూడా పాత దెబ్బ సంగతి దాచకండి. దాస్తే మీ క్లెయిమ్ తిరస్కరించడానికి అదే కారణం అవుతుంది.

6. లెక్క వేయండి

ఉదాహరణకు, అమ్మేవాళ్ళు 4 లక్షలు అడుగుతున్నారు, అదే సైజు కొత్త బోటు, ఇంజన్‌తో కలిపి 7 లక్షలు అనుకుందాం. మిగిలే 3 లక్షలు లాభం అనిపిస్తుంది. కానీ వైరింగ్, ఇంజన్ పని, బయటపడిన రెండు అతుకులు కలిపి లక్ష అయితే? మధ్యలో ఇరవై రోజులు వేట పోతే? అన్నీ కలిపినా కొత్తదాని ధరలో మూడింట రెండు వంతులు దాటకపోతేనే కొనడం మంచిదని నా అభిప్రాయం. దాటితే ఇంకో ఏడాది ఆగి కొత్తదే తీసుకోండి.

ఆ లెక్క లోపల దొరికితే లాభం నిజంగానే పెద్దది. అప్పు తక్కువ, వడ్డీ తక్కువ. చాలాసార్లు వలలు, ఐస్ పెట్టెలు, లంగరు బోటుతోపాటే వస్తాయి. బాబాయ్ రెండో బోటు పక్క మొత్తం చీలిపోయినది. రంగు లేకుండా, గ్రైండింగ్ ఫోటోలతో సహా చూసి కొన్నాడు. మిగిలిన డబ్బుతో లైఫ్ జాకెట్లు, సముద్రం మీద మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్టు, కొత్త వల కొన్నాడు. ఆ అతుకు దగ్గర ఇంతవరకు చెమ్మ కూడా లేదు.

7. నీటిలో పరీక్ష

డబ్బు మొత్తం ఇచ్చేముందు సముద్రంలోకి వెళ్ళి తీరాలి. అందరూ లైఫ్ జాకెట్లు వేసుకోండి, ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్ళండి, కోస్ట్ గార్డ్ నంబరు 1554 ఫోన్లో పెట్టుకోండి.

బయలుదేరే ముందు బోటు అడుగు పొడిగా తుడిచి, అతుకుల మీద లోపలివైపు సుద్దపొడి రుద్దండి. ఖాళీగా తేలుతున్నప్పుడు ఒక పక్కకు ఒరిగిందా, అదే రకం బోట్ల కంటే లోతుగా కూర్చుందా చూడండి. తేలడానికి లోపల నింపిన ఫోమ్ నీరు పీల్చుకుంటే అలా కూర్చుంటుంది. తర్వాత నీళ్ళ డ్రమ్ములు ఎక్కించి, అలల మీద రెండు గంటలు నడపండి. కాళ్ళ కింద బల్ల అదిరితే షాఫ్ట్ చూడాలి. అల కొట్టినప్పుడు పక్క లోపలికి నొక్కుకుని మళ్ళీ వస్తుంటే అక్కడ మందం చాలలేదు. తిరిగొచ్చాక సుద్ద తడిసినచోట టార్చి వేసి చూడండి.

అన్నీ నచ్చితే ఒప్పందంలో ఎక్కడ దెబ్బ తగిలింది, ఎవరు బాగుచేశారు అన్నది రాయించి సంతకం తీసుకోండి. కొన్నాక మొదటి నెల ఒడ్డు కనిపించే దూరంలోనే వేట చేయండి. ప్రతి అతుకు అంచు వెంట లోపలివైపు పర్మనెంట్ మార్కర్‌తో సన్నగా గీత గీసి, పక్కన తేదీ వేయండి. వారానికోసారి టార్చితో చూడండి. గీత మీద వెంట్రుకంత చీలిక కనిపించిన రోజు వేటకు వెళ్ళకుండా బోటును ఒడ్డుకు లాగి మేస్త్రీని పిలవండి.